హెచ్చు ఎక్కడనుండి కలుగును?

(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యాన భాగములు: ఆదికాండము 39వ అధ్యాయము, కీర్తన 75:6-7

 

సంఘాల్లో ప్రార్థన మనవులు తీసుకునేటప్పుడు తరచుగా వినబడే మాట ఒకటుంది. "అయ్యగారూ, నా ప్రమోషన్ కోసం ప్రార్థన చేయండి." కలెక్టరేటులో జూనియర్ అసిస్టెంటు అడుగుతాడు. బడిపంతులు అడుగుతాడు. ఆసుపత్రిలో నర్సుగా ఉన్న సహోదరి అడుగుతుంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్న యౌవనస్థుడు ఫోను చేసి అడుగుతాడు. ఈ మనవి తప్పు కాదు. ఇంటి అప్పు ఉంటుంది, పిల్లల ఫీజులు ఉంటాయి, తల్లిదండ్రుల మందులు ఉంటాయి. పరలోకపు తండ్రికి ఇవన్నీ తెలుసు. అయితే ప్రార్థన ముగిసి 'ఆమేన్' అన్న తరువాత, సోమవారం ఉదయం సీటులో కూర్చున్నప్పుడు ఏమి చేయాలి? ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ. ఈ దినం దానినే ధ్యానం చేద్దాం.

డెబ్బై అయిదవ కీర్తనలో ఆసాపు చెప్పే సంగతి మీకు తెలుసు. మనుష్యునికి హెచ్చు ఏ దిక్కునుండీ రాదు, దేవుడే న్యాయాధిపతి, ఒకని తగ్గించేవాడూ మరొకని పైకెత్తేవాడూ ఆయనే అని ఆ కీర్తన భావం. ఈ వాక్యాన్ని పట్టుకొని కొందరు ఒక గోతిలో పడుతున్నారు. "దేవుడు ఇవ్వాలనుకుంటే ఇస్తాడు, నేను పరీక్షలు రాయడమెందుకు?" అని కూర్చుంటారు. మరికొందరు ఎదుటి గోతిలో పడుతున్నారు. "ఈ రోజుల్లో సిఫారసు లేకుండా, చేయి తడపకుండా ఏ పనీ కాదండీ" అంటారు. మొదటివారు దేవుని పేరు చెప్పి పని మానుకున్నారు. రెండవవారు పని చేస్తూ దేవుని మానుకున్నారు. హెచ్చు దేవుడే ఇస్తాడు, నిజమే. ఎటువంటి వారిని హెచ్చించాడో కూడా అదే గ్రంథం మనకు చూపిస్తుంది. రండి, చూద్దాం.

మొదటిది: తిరిగి చూడనక్కరలేని పని

యోసేపు తన అన్నలతో మంద మేపుతున్నప్పుడు అతనికి పదునేడేండ్లు. ఫరో ఎదుట నిలిచినప్పుడు ముప్పది ఏండ్లు. మధ్యలో సుమారు పదమూడేండ్లు. ఆ కాలమంతా అతడు ఒక బానిస, తరువాత ఒక ఖైదీ. ప్రమోషన్‌కు అవకాశమే లేని రెండు చోట్లు! అయినా రెండు చోట్లా అతడు పైకి వచ్చాడు. ఎలా వచ్చాడు?

39వ అధ్యాయం 6వ వచనంలో పోతీఫరును గూర్చి ఏముందో గమనించండి. తన ఎదుట వడ్డించిన భోజనం తప్ప తన ఇంటిలో మరి ఏ సంగతీ అతడు విచారించలేదు. అంతా యోసేపు చేతికి అప్పగించాడు. అదే అధ్యాయం 23వ వచనంలో చెరసాల అధిపతి కూడా యోసేపు చేతిలో ఉన్న దేనినీ మళ్ళీ తనిఖీ చేయలేదు. ఇల్లు వేరు, చెరసాల వేరు. యజమాని వేరు, అధిపతి వేరు. జరిగింది మాత్రం ఒకటే. పైవాడు తన తలమీది బరువు దించి యోసేపు భుజం మీద పెట్టి, నిశ్చింతగా నిద్రపోయాడు. యెహోవా అతనికి తోడైయుండెను గనుక ఇది జరిగిందని వాక్యం సెలవిస్తుంది. ఆ తోడ్పాటు కనబడింది ఎక్కడ? అతని చేతి పనిలో.

ప్రియులారా, ప్రమోషన్ అంటే ఇదే. అధికారి తన బరువులో కొంత ఎవరి మీద పెడితే జారిపోదో వారికే అది దక్కుతుంది. కాగితం మీద ఉత్తర్వు తరువాత వస్తుంది, నమ్మకం ముందు వస్తుంది. కాబట్టి మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి: నేను చేసి పంపిన పనిని నా పైఅధికారి మళ్ళీ చూడవలసి వస్తుందా?

మీరు ఆఫీసులో గుమాస్తా అనుకోండి. మీరు పెట్టిన ఫైలులో వెనుకటి ఉత్తర ప్రత్యుత్తరాలు వరుసగా ఉన్నాయా? ఏ నిబంధన క్రింద కోరుతున్నారో నోటులో రాశారా? కూడికలు సరిపోయాయా? మీ పర్సనల్ రిజిస్టరులో నెలల తరబడి కదలని తపాలు ఎన్ని ఉన్నాయి? నర్సుగా ఉన్న సహోదరీ, డ్యూటీ మారేటప్పుడు ఏ రోగికి ఏ మందు ఇచ్చావో, ఏది ఇంకా ఇవ్వాలో తరువాత వచ్చే సహోదరికి స్పష్టంగా రాసి ఇస్తున్నావా? కౌంటరులో కూర్చునే తమ్ముడూ, సాయంత్రం నీ లెక్క పైసాతో సహా సరిపోతుందా? కంప్యూటరు ముందు పనిచేసే బిడ్డా, పని ఆలస్యమవుతుందని తెలిసినప్పుడు ముందుగానే చెబుతున్నావా, గడువు నాటి సాయంత్రం వరకు దాచిపెడుతున్నావా?

చెడు వార్తను ముందుగా చెప్పేవాడు నమ్మదగినవాడు. ఇది చిన్న సంగతిలా కనబడుతుంది గానీ, పై పోస్టుకు ఎవరిని పెట్టాలా అని అధికారి ఆలోచించేటప్పుడు అతనికి మొదట గుర్తుకు వచ్చేది ఇదే. లూకా సువార్త 16వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన సూత్రం కూడా ఇదే గదా. కొంచెములో నమ్మకం చూపినవానికే ఎక్కువ అప్పగించబడుతుంది.

ఈ వారం ఒక పని చేయండి. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. మీరు పంపిన పనుల్లో దిద్దుబాటు కోసం తిరిగి వచ్చినవి ఎన్నో, ఎందుకు వచ్చాయో రాయండి. నెల తిరిగేసరికి మీ బలహీనత ఏమిటో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఆ ఒక్కదానిని సరిచేసుకోండి.

రెండవది: పై సీటుకు కావలసినది ముందుగా నేర్చుకొనుట

దానియేలునూ అతని స్నేహితులనూ బబులోనుకు తీసుకొనిపోయిన తరువాత, కల్దీయుల విద్యనూ భాషనూ మూడు సంవత్సరాలు నేర్పించారు. పరాయి భాష, పరాయి విద్య. "మేము దేవుని ప్రజలం, మాకెందుకు?" అని వారు అనలేదు. రాజు పెట్టే భోజనం విషయంలో తమ మనస్సాక్షిని కాపాడుకున్నారు, చదువు విషయంలో మాత్రం వెనుకాడలేదు. రాజు పరీక్షించినప్పుడు అందరికంటె శ్రేష్ఠులుగా కనబడ్డారు. దేవుడు వారికి జ్ఞానం ఇచ్చాడు, వారు మూడేండ్లు చదివారు. రెండూ నిజమే.

మన విషయానికి వద్దాం. ప్రభుత్వ ఉద్యోగులైతే మీ సర్వీసు నిబంధనలు మీరే చదువుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 1996 నాటి స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీసు నిబంధనలు ప్రమోషన్లకు ఆధారం. వాటి ప్రకారం కొన్ని పోస్టులకు సీనియారిటీతో పాటు యోగ్యత చూస్తారు, మరికొన్నింటికి ప్రతిభా సామర్థ్యాలు చూస్తారు. ప్యానెల్ సంవత్సరం సెప్టెంబరు 1 నుండి ఆగస్టు 31 వరకు. సెప్టెంబరు 1 నాటికి మీకు అర్హత లేకపోతే, ఎంత సీనియరైనా ఆ ఏటి జాబితాలో మీ పేరు దాటిపోవచ్చు. అనేక పోస్టులకు శాఖాపరమైన పరీక్షలు పాసవ్వాలి. వాటిని ఆంధ్రప్రదేశ్‌లో ఏపీపీఎస్సీ, తెలంగాణలో టీజీపీఎస్సీ నిర్వహిస్తున్నాయి. మినిస్టీరియల్ ఉద్యోగులకు అకౌంట్ టెస్టు, ఉపాధ్యాయులకు గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టు అనే మాటలు క్రొత్త కాదు.

ఉపాధ్యాయులు మరొక సంగతి గమనించాలి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, ప్రమోషన్ కోరే ఉపాధ్యాయులకు టెట్ అర్హత ఉండాలని చెప్పింది. మైనారిటీ విద్యాసంస్థల ప్రశ్నను మాత్రం విస్తృత ధర్మాసనం పరిశీలనకు పంపింది. ఇరవై ఏండ్లుగా పాఠం చెబుతున్నవారికి మళ్ళీ పరీక్ష రాయాలంటే కష్టమే, నేను కాదనను. అయినా పుస్తకం తెరవకుండా ఉపవాసం ఉంటే, అది విశ్వాసం అనిపించుకోదు. పుస్తకమూ తెరవండి, మోకాళ్ళూ వంచండి.

ప్రైవేటు కంపెనీలో ఉన్నవారికి ఇలాంటి రాతపూర్వకమైన నిబంధనలు అన్నిచోట్లా ఉండవు. మీకంటె ఒక మెట్టు పైన ఉన్నవారు రోజూ ఏమి చేస్తున్నారో చూడండి. వారు ఖాతాదారులతో మాట్లాడుతున్నారా, లెక్కలు వేస్తున్నారా, నలుగురికి పని పంచుతున్నారా? అందులో మీకు రానిది ఒకటి ఎంచుకొని ఈ సంవత్సరం నేర్చుకోండి.

ఇంకొక మాట. మీకు వచ్చిన పనిని ప్రక్కవారికి నేర్పించండి. "నేను లేకపోతే ఈ సీటు నడవదు" అని గర్వపడేవారు ఉన్నారు. అలాంటి వారిని పైకి పంపాలంటే అధికారి భయపడతాడు. నీవు లేకపోతే ఆ సీటు ఆగిపోతుందంటే, ఆ సీటులోనే నిన్ను ఉంచుతారు!

మూడవది: చేసిన మేలు గ్రంథములో ఉండవలెను

ఎస్తేరు గ్రంథంలో మొర్దెకై రాజును చంపాలన్న కుట్రను బయటపెట్టాడు. రాజు ప్రాణం నిలిచింది. ఆ సంగతి రాజ్యపు గ్రంథంలో రాశారు. అంతే! బహుమానం లేదు, ఘనత లేదు. ఆ తరువాత హామానుకు పెద్ద పదవి వచ్చింది. చాలాకాలం గడిచాక ఒక రాత్రి రాజుకు నిద్రపట్టక ఆ గ్రంథం చదివించుకున్నాడు. "దీనికి మొర్దెకైకి ఏ ఘనత చేశారు?" అని అడిగాడు. ఏమీ చేయలేదన్నారు. రాజుకు నిద్రపట్టకుండా చేసినది దేవుడు. అయితే చదవడానికి గ్రంథంలో రాత ఉంది.

మన దేశంలో జరిగిన ఒక కేసు చెబుతాను. సరిహద్దు రోడ్ల ఇంజినీరింగ్ సర్వీసులో దేవ్‌దత్ అనే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు సూపరింటెండింగ్ ఇంజినీరుగా ప్రమోషన్ రాలేదు. ఎందుకు? అయిదేండ్ల రహస్య నివేదికల్లో 'వెరీ గుడ్' ఉండాలి, 1993-94 సంవత్సరానికి ఆయనకు 'గుడ్' అని మాత్రమే రాశారు. మంచి మాటే, కానీ అదే అడ్డుగోడ అయింది. ఆ రాతను ఆయనకు తెలియజేయలేదు. 2008లో సుప్రీంకోర్టు, మంచిదైనా చెడ్డదైనా ప్రతి రాతనూ ఉద్యోగికి తెలియజేయాలనీ, దానిపై విన్నవించుకునే అవకాశం ఇవ్వాలనీ తీర్పు చెప్పింది. అప్పటికి ఆయన పదవీ విరమణ చేశారు. మరుసటి సంవత్సరం, 2009లో, కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల వార్షిక నివేదికను పూర్తిగా చూపించాలనీ, అభ్యంతరం ఉంటే పదిహేను రోజుల్లో చెప్పుకోవచ్చనీ ఉత్తర్వు ఇచ్చింది.

దీనినుండి మనం నేర్చుకోవలసినది ఏమిటి? మీ నివేదిక మీరు చూడండి. మీ సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ, పాసైన పరీక్షలు, సెలవులు సరిగా నమోదయ్యాయో లేదో చూసుకోండి. కంపెనీలో స్వీయ మదింపు ఫారం ఇస్తే "కష్టపడి పనిచేశాను" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఏ పని చేశారు, ఎప్పుడు పూర్తిచేశారు, దానివల్ల ఎంత సమయం, ఎంత డబ్బు మిగిలింది అన్నది ఉన్నది ఉన్నట్టు రాయండి. లేనిది కలపవద్దు. ఉన్నది దాచవద్దు. సత్యం రాయడం డంబం కాదు. తోటివారు చేసిన దానిని మీ పేర రాసుకుంటే మాత్రం అది దొంగతనమే.

నాలుగవది: అడుగుట అవిశ్వాసము కాదు

నెహెమ్యా రాజుకు ద్రాక్షారసం అందించే ఉద్యోగి. యెరూషలేము సంగతి విన్నది కిస్లేవు మాసంలో, రాజును అడిగినది నీసాను మాసంలో. మధ్యలో సుమారు నాలుగు నెలలు ప్రార్థించాడు. రాజు "నీకేమి కావలెను?" అని అడిగిన క్షణంలో అతడు తడబడలేదు. ఎంత కాలం పడుతుందో చెప్పాడు. దారిలోని అధికారులకు ఏ పత్రికలు కావాలో చెప్పాడు. మ్రానుల కోసం అడవుల అధికారి ఆసాపుకు ఉత్తరం కావాలని పేరుతో సహా చెప్పాడు. నాలుగు నెలలు మోకాళ్ళ మీద ఉన్నవాడు లెక్కలు కూడా వేసుకున్నాడు!

మీరు కూడా అడగండి. అయితే కోపంగా ఉన్నప్పుడు అడగవద్దు. అధికారి హడావుడిలో ఉన్నప్పుడు అడగవద్దు. సమయం కోరి, ఒక్క కాగితం మీద మీ పనిని రాసుకొని వెళ్ళండి. "వాడికిచ్చారు, నాకెందుకు ఇవ్వలేదు?" అని మొదలుపెడితే ఆ తలుపు అక్కడే మూసుకుపోతుంది. "అయ్యా, పై బాధ్యతకు నాలో ఏమి కొరవగా ఉంది? ఆరు నెలల్లో సరిదిద్దుకొని మళ్ళీ వచ్చి మీకు చూపిస్తాను" అనండి. చెప్పినట్టే ఆరు నెలలకు వెళ్ళండి. యోసేపు కూడా చెరసాలలో పానదాయకుల అధిపతిని, నన్ను జ్ఞాపకం చేసుకొని ఫరోతో చెప్పుమని అడిగాడు గదా. అతడు మరచిపోయాడు, రెండు సంవత్సరాలు గడిచాయి. అయినా అడిగినందుకు వాక్యం యోసేపును తప్పుపట్టలేదు.

అయిదవది: విశ్వాసి ముట్టకూడని మెట్లు

లంచం గ్రుడ్డితనం కలిగిస్తుందని నిర్గమకాండము 23వ అధ్యాయం హెచ్చరిస్తుంది. పోస్టు కోసం, కోరిన ఊరి కోసం డబ్బు ఇచ్చేవారు "పుచ్చుకున్నవాడిదే తప్పు, మాది కాదు" అంటారు. చట్టం కూడా అలా అనడం లేదు. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం ఇచ్చినవానికీ ఏడేండ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లోగా అధికారులకు తెలియజేయాలి. డబ్బు పెట్టి కొన్న కుర్చీలో కూర్చున్నవాడు ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవాలనే చూస్తాడు. ఎవరి దగ్గర? పింఛను కోసం వచ్చిన వితంతువు దగ్గర. గేహజీ నయమాను దగ్గర వెండీ బట్టలూ తీసుకున్నాడు, వాటితో పాటు కుష్ఠు కూడా అతనికి వచ్చింది.

తోటివారి మీద చాడీలు చెప్పడం కూడా అలాంటిదే. సంఘ సంబంధాలను, సంఘ పెద్దల పేర్లను సిఫారసు కోసం వాడుకోవడమూ అలాంటిదే. దానియేలు 6వ అధ్యాయంలో నూట ఇరువదిమంది అధిపతుల మీద ముగ్గురు ప్రధానులు ఉన్నారు, వారిలో దానియేలు ఒకడు. రాజు అతనిని అందరి మీదా నియమించాలనుకున్నాడు. గిట్టనివారు అతని ఉద్యోగంలో తప్పు వెదికారు. అశ్రద్ధ దొరకలేదు, మోసం దొరకలేదు. చివరికి అతని ప్రార్థన మీదనే నేరం మోపవలసి వచ్చింది. మన మీద నేరం వెదికేవారికి ఆఫీసు ఫైళ్ళలో ఏమి దొరుకుతుంది?

రాని పక్షంలో?

ఇంత చేసినా రాకపోవచ్చు. ఖాళీల సంఖ్య మన చేతిలో లేదు. సీనియారిటీ జాబితా, రోస్టరు పాయింట్లు, కంపెనీ లాభనష్టాలు మన చేతిలో లేవు. నిన్న మన దగ్గర పని నేర్చుకున్నవాడు ఈ రోజు మన అధికారిగా వచ్చి కూర్చోవచ్చు. ఆ ఉదయం అతనికి నమస్కారం చేయడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు.

అలాంటివారి కోసం బైబిలులో ఒక గుమాస్తా ఉన్నాడు. యిర్మీయా మాటలు రాసిన బారూకు. యిర్మీయా 45వ అధ్యాయం అంతా ఇతనికోసమే, ఐదే వచనాలు. మూలుగులతో అలసిపోయాను, నెమ్మది లేదు అన్నాడు. అతడు రాసిన గ్రంథపు చుట్టను రాజైన యెహోయాకీము కోసి అగ్నిలో వేశాడు. శ్రమంతా బూడిదైంది. తరువాతి కాలంలో నేరీయా మరొక కుమారుడు శెరాయాకు రాజు దగ్గర అధికారం వచ్చినట్టు 51వ అధ్యాయంలో చూస్తాం. బారూకు మాత్రం లేఖికుడుగానే ఉన్నాడు. దేవుడు అతనితో, నీ కోసం గొప్పవాటిని వెదకవద్దు, నీవు వెళ్ళే చోటెల్లా నీ ప్రాణాన్ని నీకు దక్కిస్తాను అన్నాడు. బారూకు ఏమి చేశాడు? కాలిపోయిన గ్రంథాన్ని మళ్ళీ మొదటినుండి రాశాడు. ప్రమోషన్ రాని ఆ గుమాస్తా చేతిరాత వల్ల ఆ మాటలు నిలిచాయి.

సహోదరుడా, సహోదరీ, నీవు చేరిన హోదాతోనే రిటైరు కావలసి వచ్చినా నీ పని వ్యర్థం కాదు. కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో పౌలు బానిసలకు చెప్పినది ఇదే. మనుష్యుల కోసం కాదు, ప్రభువు కోసం అన్నట్టు చేయండి, ప్రతిఫలం ఇచ్చేవాడు ఆయనే. పై అధికారి తిరిగి చూడనక్కరలేని పనిని, ప్రభువు తప్పక చూస్తాడు.

వచ్చినవారికి కూడా ఒక మాట. యోసేపు ఫరోతో, ఏడు మంచి సంవత్సరాల్లో పంటలో అయిదవ వంతు తీసి ఉంచమని చెప్పాడు, దానికి తెలివిగల ఒకని నియమించమన్నాడు. "నన్ను నియమించండి" అనలేదు. నియమించబడిన తరువాత ఆ పదవిని ఆకలిగొన్నవారికి ధాన్యం ఇవ్వడానికి వాడాడు. తనను అమ్మిన అన్నలకూ పెట్టాడు. ప్రాణరక్షణ కోసం దేవుడు నన్ను ముందుగా పంపాడని వారితో అన్నాడు. పై కుర్చీ దేవుడిచ్చేది ఇందుకే. నీ సంతకం కోసం ఎదురుచూసేవారి ముఖాలు జ్ఞాపకం ఉంచుకో.

ప్రార్థన చేసుకుందాం.

ప్రేమగల తండ్రీ, ఈ మాటలు విన్న నీ బిడ్డలను నీ చేతికి అప్పగిస్తున్నాం. పరీక్షలకు సిద్ధపడేవారికి జ్ఞాపకశక్తిని, అడగడానికి భయపడేవారికి ధైర్యాన్ని దయచేయుము. లంచం అడగబడుచున్నవారికి కాదనే బలం ఇయ్యుము. తమకంటె చిన్నవారి క్రింద పనిచేయవలసి వచ్చినవారి గాయాన్ని నీవే కట్టుము. రేపు ఉదయం మేము చేయబోయే పని నీ ఎదుట సిగ్గుపడనక్కరలేని పనిగా ఉండనిమ్ము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.